మా ఇంటి కేబుల్ చరిత్ర

నా చిన్నప్పుడు హైదరాబాదులో మాకు కేబుల్ అంటే డాబాల మీంచి వేలాడే నల్ల వైరు, నెల మొదట్లో డబ్బులకి వచ్చే కేబులాయన. బొమ్మ పోతే అమ్మ కేకేసేది, ఆయన నిచ్చెనతో వచ్చేవాడు.

1995లోనే కేబుల్ చట్టం వచ్చినా, ఆపరేటరు చెప్పిందే కనెక్షన్ల లెక్క. అందులో మా ఇల్లుందో లేదో దేవుడికెరుక! ఆ లెక్క తేలాలనే డిజిటలైజేషన్ పెట్టారు. హైదరాబాదుకి గడువు 2013 మార్చి 31. అలా మా ఇంటికీ సెట్ టాప్ బాక్సొచ్చింది. 2019లో ట్రాయ్ కొత్త పద్ధతి: 100 ఛానెళ్ళకి 130 రూపాయలు, పన్నూ పే ఛానెళ్ళూ అదనం.

ఇప్పుడు టీవీ, నెట్టూ ఒకే ఫైబరులో. మొన్న రెండూ పోతే ఫోన్ చేశా. "ఒకటి నొక్కండి" అంది. నొక్కా. కస్టమర్ ఐడీ చెప్పింది. మనిషి మాత్రం మూడ్రోజులకి గానీ రాలేదు.

లెక్కలోకైతే ఎక్కాం. కేకేస్తే పలికేవాడే లేడు.