బొంబాయిని సారె తెచ్చిన కోడలు

ఆడపిల్లకి పసుపు కుంకుమల కింద ఎకరమో రెండెకరాలో రాసివ్వడం మనకి తెలుసు. పోర్చుగల్ రాజకుమారి కేథరిన్‌కి పుట్టింటివారు ఏకంగా బొంబాయినే ఇచ్చారు!

1640లో స్పెయిన్ పెత్తనం వదిలించుకున్న పోర్చుగల్‌కి ఒక గట్టి అండ కావాలి. అందుకే 1661లో ఇంగ్లండు రాజు రెండవ చార్లెస్‌తో సంబంధం కుదిరినప్పుడు పిల్లతోపాటు బొంబాయి, మొరాకో తీరంలోని టాంజియర్ రేవు, 20 లక్షల క్రుజాడోల రొక్కం ఇస్తామన్నారు. తీరా ప్రయాణంవేళకి రొక్కం సగమే సర్దగలిగారు. అందులోనూ కొంత పంచదార, సుగంధద్రవ్యాల రూపంలో! కట్నం బాకీ పడని వియ్యాలవారు ఎక్కడున్నారు చెప్పండి?

1662 మే నెలలో, ఇరవైమూడేళ్ళ వయసులో కేథరిన్ పోర్ట్స్‌మత్‌లో ఓడ దిగింది. ఇంగ్లీషు రాదు. భర్తతో స్పానిష్‌లో మాట్లాడేది. కొద్దిరోజులకే రాణిగారి అంతఃపురంలో ఉండవలసిన స్త్రీల జాబితా ఆమె ముందుకొచ్చింది. అందులో బార్బరా పామర్ పేరుంది. ఆవిడ రాజుగారి ప్రియురాలు. కేథరిన్ కలం తీసుకుని ఆ పేరు కొట్టేసింది.

చార్లెస్ ఊరుకున్నాడా? అందరి ఎదుటా ఆవిణ్ణే తెచ్చి పరిచయం చేశాడు. ఎవరో తెలిసేసరికి కేథరిన్ ముక్కువెంట రక్తం కారింది, స్పృహ తప్పి పడిపోయింది. పుట్టింటినుంచి వెంట వచ్చినవాళ్ళనీ చాలామందిని తిప్పి పంపేశాడు. చివరికి ఆమె సరేనంది. లొంగిపోయిందని రాస్తారు. భాష రాని ఊళ్ళో, పలకరించే దిక్కులేనిచోట ఇంకేం చెయ్యగలదు, పాపం!

1663లో పెద్ద జబ్బు చేసింది. జ్వరం మత్తులో తనకి కొడుకు పుట్టాడనుకుంది. పిల్లాడు అందంగా లేడని బెంగపెట్టుకుందిట. పక్కనే ఉన్న చార్లెస్, కాదు, చాలా ముద్దుగా ఉన్నాడన్నాడు. మీ పోలికైతే నిజంగా బాగుంటాడని ఆమె మురిసిపోయింది. పెపిస్ అనే ఆయన ఈ సంగతి తన డైరీలో రాసుకున్నాడు. ఆ పిల్లాడు ఎన్నటికీ పుట్టలేదు.

విడాకులిచ్చి మరో పెళ్ళి చేసుకోమని చాలామంది పోరినా చార్లెస్ వినలేదు. 1678లో, రాజుకి విషం పెట్టబోయిందని కేథలిక్ అయిన ఆమెమీద నింద వేసినప్పుడూ నమ్మలేదు. మనసులో ఏ మూలో ఇంత న్యాయం మిగిలింది కాబోలు. 1685లో అతను మరణశయ్యమీద ఉండగా, తప్పులుంటే క్షమించమని ఆమె కబురుచేసింది. క్షమించమనవలసింది తనేనన్నాడు.

లండన్‌లో టీ అంతకుముందే దొరికేదిగాని, రాణిగారు తాగడం చూశాకే గొప్పింటి ఆడవాళ్ళకి అది మోజైంది. ఇక ఆ సారె సంగతంటారా? 1668లోనే చార్లెస్ బొంబాయిని ఏడాదికి 10 పౌన్ల అద్దెకి ఈస్టిండియా కంపెనీకి ఇచ్చేశాడు.

1692లో ఆమె పుట్టింటికి బయల్దేరింది. తమ్ముడు పెడ్రో జబ్బుపడితే 1704, 1705 సంవత్సరాల్లో, స్పెయిన్‌తో యుద్ధం నడుస్తుండగా, అతని బదులు రాజ్యం చూసింది. 1705 డిసెంబరు 31న లిస్బన్‌లో, తను కట్టించుకున్న బెంపోస్తా భవనంలో కన్నుమూసింది.