వేసవి దారులు: చిత్తూరు సీమలో బాలుర విహారయాత్రల పూర్వకథ

వేసవి సెలవులు సమీపించినంతనే పిల్లలను ఏమి చేయవలెనను ప్రశ్న ప్రతి యింటను తలయెత్తును. పది పన్నెండుగురు బాలురు కూడి, సైకిళ్లకు మూటలు కట్టుకొని, నాలుగైదు దినములు దారిబట్టి పోయి, చెట్లక్రింద వండుకొని తిని, గుడారములలో పండుకొని తిరిగివత్తుమని యడిగిరేని పెద్దలకు గుండె జల్లుమనును. "ఇది దొరల పిల్లల వేడుక, మన కెందుకు?" అని కొందరందురు. ఈ మాట ఎంతవరకు నిజమో తెలిసికొనుటకు చరిత్రను కొంత త్రవ్విచూడవలసియున్నది. తిరుపతి, చిత్తూరు, మదనపల్లె ప్రాంతముల మట్టుకు చూచినను ఈ విహారములకు మూలములు మన నేలయందే కనబడును. యాత్ర, సైకిలు, శిబిరము, వసతి అను నాలుగు పాయలు ఇచ్చట ఎట్లు వచ్చి కలిసినవో మనము వరుసగా పరిశీలింతము.

మొదటిది యాత్ర. తిరుమల కొండ పాదమున నున్న ఈ సీమకు గుంపులుగా నడచివచ్చుట యనునది ఎన్నియో తరముల అలవాటు. అలిపిరి మెట్లదారియు, చంద్రగిరి వైపునుండి శ్రీనివాసమంగాపురము మీదుగా పోవు శ్రీవారిమెట్టును నేటికిని కాలినడక భక్తులతో కళకళలాడుచున్నవి. గుంపుగా డేరాలతో సాగిన యాత్ర యెట్లుండెనో తెలుపుటకు మనకొక గొప్ప సాక్ష్యము గలదు. చెన్నపట్టణపు సుప్రీముకోర్టులో ద్విభాషిగా పనిచేసిన ఏనుగుల వీరాస్వామయ్యగారు 1830 మే 18వ తేదీన, నడివేసవిలో, సుమారు నూరుగురు పరివారముతో కాశీకి బయలుదేరిరి. తిరుపతి, కడప మీదుగా సాగి, 1831 సెప్టెంబరు 3వ తేదీన తిరిగి యిల్లు చేరిరి. 1838లో అచ్చయిన వారి కాశీయాత్ర చరిత్రయందు ఏ మజిలీలో మంచినీరు దొరకును, ఎచ్చట సత్రమున్నది, ఏ దారి యిసుకమయము, ఎచ్చట కావలసిన సామాను దొరకునను వివరములు విరివిగా నున్నవి. నేటి బాలుడు ప్రయాణమునకు ముందు వ్రాసికొనవలసిన పట్టికయు సరిగా నిదియే. అయితే నాటి యాత్ర పెద్దలది. బాలుడు తండ్రివెంట పోవుటయే కాని తనంత తాను దారి చూచుకొని పోవుట లేదు.

రెండవది సైకిలు. 1817లో కార్ల్ డ్రైస్ అను జర్మను దేశస్థుడు తొక్కుడుమెట్టు లేని రెండు చక్రముల బండిని నేలను కాళ్లతో తన్నుచు నడిపెను. 1885లో ఇంగ్లండులో స్టార్లీ రెండు సమానచక్రములును, వెనుకచక్రమునకు గొలుసును గల బండిని తెచ్చెను. 1888లో డన్‌లప్ గాలిటైరును కనిపెట్టెను. అంతకు ముందే, 1878లో, ఇంగ్లండులో సైకిలు యాత్రికులు సంఘముగా నేర్పడిరి. మన దేశమున 1923లో బొంబాయినుండి ఆరుగురు పారసీ యువకులు భూప్రదక్షిణమునకు సైకిళ్లపై బయలుదేరిరి. వారిలో హకీం, బాపాసోలా, భుంగారా అను మువ్వురు 1928లో ప్రదక్షిణము పూర్తిచేసి స్వదేశము చేరిరి. అయినను సామాన్యుని యింటికి సైకిలు రావలెనన్న ధర తగ్గవలెను. ధర తగ్గవలెనన్న ఇచ్చటనే తయారుకావలెను. 1949లో చెన్నపట్టణము చెంత అంబత్తూరునకు చెందిన టి.ఐ. సైకిల్స్ సంస్థ యేర్పడినది. తరువాతి దశాబ్దములలో దక్షిణదేశపు పల్లెలకు సైకిలు చేరుటలో ఇట్టి దేశీయ కర్మాగారముల పాలు చాల గలదు. కొనలేనివారికి సందుమలుపున అద్దె సైకిలు షాపు ఉండెడిది. చదువుకొను బాలుడు గంటకింతయని చెల్లించి తొక్కుట నేర్చుకొనెను. రాత్రివేళ దీపము లేకున్నను, ఒక బండిపై ఇద్దరెక్కినను పోలీసువాని కంటబడక తప్పించుకొనుట నాటి బాల్యపు సాహసములలో నొకటి.

మూడవది శిబిరము. బాలురు తమంత తాము గుడారములు వేసికొని బ్రతుకు నేర్చుకొనుట యను నాలోచనకు రూపమిచ్చినవారు బేడెన్ పవెల్ గారు. 1907 ఆగస్టులో ఇంగ్లండు తీరమునగల బ్రౌన్‌సీ ద్వీపమున ధనికుల పిల్లలను, పనివారి పిల్లలను ఒక్కచో జేర్చి ఆయన తొలి శిబిరము నడిపిరి. రెండేండ్లకే, 1909లో, స్కౌటు ఉద్యమము మన పొరుగుననున్న బెంగళూరికి వచ్చినది. కాని ఆ దళములు ఐరోపీయుల, ఆంగ్లోయిండియనుల పిల్లల కొరకే. ఈ నేలపై బుట్టిన బాలునికి ఈ నేలపై డేరా వేయు సంఘమున చోటు లేకపోయెను. శిక్షణ పొందిన భారతీయ బాలుడు రేపు ప్రభుత్వమునకు ఎదురుతిరుగునేమో యను శంక నాటి పాలకులకుండెను.

ఈ అవమానమునకు చెన్నపట్టణమునుండి సమాధానము వచ్చినది. 1916-17 కాలమున అనిబిసెంటమ్మగారును, జార్జి అరండేలుగారును భారతీయ బాలుర కొరకు వేరొక స్కౌటు సంఘమును స్థాపించిరి. ఆ బాలురు టోపీకి మారుగా తలపాగా చుట్టి, దేశభాషలలో పాటలు పాడిరి. ఉత్తరమున మదనమోహన మాలవీయ, హృదయనాథ కుంజ్రూ ప్రభృతులు సేవాసమితి పక్షమున ఇట్టి పనినే చేసిరి. 1921లో బేడెన్ పవెల్ గారు మన దేశమునకు వచ్చి పరిస్థితిని కన్నులార చూచిన పిమ్మట బిసెంటమ్మగారి సంఘము ప్రధాన సంఘముతో కలసినది. 1937లో ఢిల్లీలో జరిగిన జంబోరీ తరువాత ఆయన భారతీయుల శీలమును గూర్చి చేసిన వ్యాఖ్యలు మరల మనసులను గాయపరచినవి. ఆ తరువాత హిందూస్థాన్ స్కౌటు సంఘము వేరుగా నేర్పడినది. స్వరాజ్యము వచ్చిన పిదప 1950 నవంబరు 7వ తేదీన సంఘములన్నియు భారత్ స్కౌట్స్ అండ్ గైడ్స్ అను పేరున నొకటియైనవి. మరుసటి యేడు బాలికల గైడు సంఘమును అందు చేరినది. ఇంతలో 1923లో కాకినాడ కాంగ్రెసు సమయమున హార్డీకరుగారి హిందూస్థానీ సేవాదళము పుట్టి, స్వచ్ఛందసేవకులకు శిబిరజీవితము నలవరచినది. బాలుడు గుడారము వేసికొను హక్కు సయితము స్వరాజ్యముతోపాటు పోరాడి సంపాదించుకొన్నదే యని దీనివలన మనకు తెలియుచున్నది.

ఈ కథలో చిత్తూరు సీమకు ప్రత్యేకమైన స్థానము గలదు. 1911లో చిత్తూరు జిల్లా యేర్పడినప్పుడు కడప మండలమునుండి వచ్చి చేరిన మదనపల్లె 2022 వరకు ఈ జిల్లాలోనే యుండెను. సముద్రమట్టమునకు సుమారు 700 మీటర్ల యెత్తున నున్నందున అచ్చటి గాలి చల్లన. 1915లో క్షయరోగుల కొరకు ఆరోగ్యవరము వెలసినదియు ఈ గాలి గుణమువలననే. ఆ సంవత్సరముననే బిసెంటమ్మగారి దివ్యజ్ఞాన కళాశాలయు మదనపల్లెలో నెలకొన్నది. 1917లో ఆమెను ప్రభుత్వము నిర్బంధించినప్పుడు ఆ కళాశాల విద్యార్థులు హోమ్‌రూల్ ఉద్యమమున నిలువగా, విశ్వవిద్యాలయపు గుర్తింపు పోయినది. 1919లో రవీంద్రులు విచ్చేసి జనగణమనను ఆంగ్లమున వ్రాసియిచ్చినది ఇచ్చటనే. ఆ కళాశాల అధ్యక్షులు జేమ్స్ కజిన్స్ గారు.

1895లో మదనపల్లెలో జన్మించిన జిడ్డు కృష్ణమూర్తిగారి ప్రేరణతో ఆ సమీపమునందే ఋషివేలీ పాఠశాల వెలసినది. 1950 మొదలు 1958 వరకు దానికి అధ్యక్షులుగా నున్న గోర్డన్ పియర్సుగారు భారతీయ బాలుర స్కౌటు ఉద్యమమునకు తొలినాళ్లలో పనిచేసినవారిలో నొకరు. ప్రతి సాయంకాలము విద్యార్థులందరు నిశ్శబ్దముగా కూర్చుండి సూర్యాస్తమయమును చూచు అస్తాచలమను ఆచారము ఋషివేలీలో నున్నది. కొండలను, రాళ్లను, ఆకాశమును పాఠ్యపుస్తకములో భాగముగా నెంచు ఈ దృష్టియే విహారయాత్రకు ప్రాణము.

నాలుగవది వసతి. 1909లో రిచర్డు షిర్మన్ అను జర్మను ఉపాధ్యాయుడు బడిపిల్లలతో నడచిపోవుచుండగా ఉరుములు, మెరుపులతో వాన వచ్చినది. ఆ రాత్రి వారందరు ఒక పల్లెబడిలో గడ్డిపరచుకొని పండుకొనిరి. "సెలవులలో బడులన్నియు ఖాళీగదా, వానిని పిల్లలకు మజిలీలుగా నేల చేయరాదు?" అని ఆయనకు తట్టినది. 1912లో ఆల్టెనా కోటయందు తొలి యువజన వసతిగృహము తెరచిరి. మన దేశమున 1949లో యువజన వసతిగృహముల సంఘము స్థాపితమైనది. ఈ వృత్తాంతము వినగానే మన సత్రములు జ్ఞాపకమునకు రాకపోవు. బాటసారికి చూరు, నీరు, పొయ్యి సమకూర్చుట ధర్మమని తలచిన దాతలు ఈ సీమలో దారిపొడుగునను వానిని కట్టించిరి. అయితే పలు సత్రములలో కులమునుబట్టి చోటు, కులమునుబట్టి వంటపొయ్యి యుండెడివి. షిర్మను తెరచిన తలుపునకును మన సత్రపు తలుపునకును భేద మిదియే. స్కౌటు నియమములలో నొకటి, ఏ వర్గమునకు జెందినను స్కౌటులందరు అన్నదమ్ములే యనునది. ఒకే కుండలో వండి, ఒకే వరుసలో కూర్చుండి తినవలసిన శిబిరమున ఆ నియమము మాటలలో నిలువక విస్తరిలోనికి వచ్చును. బాలుని ఆ శిబిరమునకు పంపుటయా మానుటయా యని తండ్రి తర్కించినప్పుడు అందులో ఎండభయము మాత్రమే యుండెడిది కాదు.

ఇక ఈ నాలుగు పాయలును కలిసిన దారి ఎట్లుండునో చూతము. తిరుపతినుండి మదనపల్లెకు సుమారు నూటయిరువది కిలోమీటర్లు. సాలువ, అరవీటి రాజుల జ్ఞాపకములతో నిలిచిన చంద్రగిరి కోట మొదటి మజిలీ. అటుపై భాకరాపేట కనుమ ఎక్కవలెను. గేర్లు లేని మామూలు సైకిలుపై మూటతో ఆ యెత్తును తొక్కుట కష్టము, పలువురు దిగి త్రోయవలసివచ్చును. ప్రక్కదారిన పోయినచో దాదాపు 270 అడుగుల యెత్తునుండి దుమికెడు తలకోన జలపాతము. పీలేరు, వాయల్పాడు దాటిన పిదప మదనపల్లె. దానికి ముప్పది కిలోమీటర్ల లోపుననే హార్స్‌లీ కొండ. 1870 ప్రాంతమున కడప కలెక్టరు హార్స్‌లీ దొర అచ్చట ఇల్లు కట్టుకొనుటచే ఆ పేరు వచ్చినది. అంతకు ముందు దాని పేరు ఏనుగు మల్లమ్మ కొండ; మల్లమ్మ యను నామెను ఏనుగులు పోషించెనని ఐతిహ్యము. సుమారు 1,260 మీటర్ల యెత్తు గల ఆ కొండపై మే నెలలోను రాత్రి దుప్పటి కావలెను.

తిరుపతిలో మే నెలయెండ 40 డిగ్రీలు దాటును. కావున కోడికూతతో బయలుదేరి, పదిగంటలకు మామిడితోపులోనో చింతతోపులోనో దిగి, సాయంకాలము నాలుగింటికి మరల సాగుట దారినెరిగినవారి పద్ధతి. రాగిసంకటి, మజ్జిగ, వేరుసెనగలు, బెల్లము ఈ సీమయెండకు తగిన ఆహారము. గుంపులో అందరికంటె మెల్లగా తొక్కువాడే వేగమును నిర్ణయించును. బలమైనవానిని వెనుక నిలిపి, ఎవ్వరును తప్పిపోకుండ చూడవలెను. గాలిపంపు, ట్యూబు అంటించు రబ్బరుముక్కలు, సొల్యూషను, గరుకుకాగితము, పానాలు లేనిదే కదలరాదు. పంచరైన ట్యూబును నీటిలో ముంచి బుడగ ఎచ్చట లేచునో కనిపెట్టుట బాలుడు స్వయముగా నేర్వవలసిన శాస్త్రము. కొండ దిగునప్పుడు ఒక్క బ్రేకునే నమ్మక రెండింటిని విడిచి విడిచి పట్టవలెను. ఇవన్నియు చిన్న సంగతులే. వీనియందు ఒక్కటి తప్పినను పదిమంది ప్రయాణము ఆగును. తన తప్పునకు ఇతరులు ఎండలో నిలుచుదురని తెలిసిన బాలుడు ఒక్క వారములో నేర్చు బాధ్యత తరగతిగదిలో ఏడాదికిని రాదు.

కాలము మారినది. రహదారులు వెడల్పయినవి, లారీల వేగమును పెరిగినది. 1980 దశకమున పొరుగు రాష్ట్రములనుండి ఏనుగులు పలమనేరు, కుప్పము అడవులకు మరల రాగా 1990లో కౌండిన్య అభయారణ్య మేర్పడినది. శేషాచలపు అడవులు 2010లో జీవావరణ రక్షితప్రాంతమైనవి. అడవిశాఖ అనుమతి లేక అచ్చట గుడారము వేయరాదు, నిప్పు రాజేయరాదు. ఇవి న్యాయమైన నిబంధనలే. కాని పెద్దరోడ్డును విడిచిన పల్లెదారులు ఇంకను ఉన్నవి. సెలవులలో పల్లెబడులు నేటికిని ఖాళీయే. తక్కువైనది వేరొకటి. వేసవియంతయు ప్రవేశపరీక్షల శిక్షణకు అర్పించు నేటి యిండ్లలో పదునైదేండ్ల బాలునికి నాలుగు దినములు దొరకుటయే దుర్లభమైనది.

బాలికల మాటను కూడ మరువరాదు. ఇంతవరకు మనము చెప్పిన కథ యెక్కువగా బాలురది. 1991-92లో పొరుగున పుదుక్కోట జిల్లాలో అక్షరాస్యతోద్యమము జరిగినప్పుడు వేలకొలది పల్లెస్త్రీలు సైకిలు నేర్చుకొనిరి. అక్షరముతోపాటు చక్రమును చేతికి వచ్చినప్పుడు ఆడువారి నడకయే మారునని అది ఋజువు చేసినది. బాలికల దళములు తగిన సంరక్షణతో దారిబట్టినప్పుడు గాని ఈ చరిత్ర సంపూర్ణము కానేరదు.

ఒకనాడు పరప్రభుత్వము మన బాలుని శంకించి డేరా తలుపు మూసినది. దానిని తెరపించుటకు పెద్దలు సంఘములు కట్టిరి, కళాశాల గుర్తింపును సయితము పోగొట్టుకొని స్వాతంత్ర్యపక్షమున నిలిచిరి. నేడు ఆ తలుపును మూయువారు పరులు కారు. పిల్లల క్షేమముపై మనకున్న ఆదుర్దాయే గడియ వేయుచున్నది. ఆ ఆదుర్దా సహజమే. దానికి తగిన విరుగుడు నమ్మకస్థుడైన ఒక ఉపాధ్యాయుడు, ముందుగా చూచివచ్చిన దారి, మజిలీ ఊరిలో తెలిసిన ఒక పెద్దమనిషి, నూనెవేసిన గొలుసు. ఇన్ని సమకూడినప్పుడు ఈ వేసవిలో మూడు దినములైనను పిల్లలను పంపి చూడదగును.