పదిహేను థౌ: అనంతపురం మెట్టలో టాపెట్ సెట్టింగు

అంబాసిడర్ కారు ఇంజన్ పైమూత విప్పితే ఎనిమిది రాకర్లు వరుసగా కనిపిస్తాయి. వేడెక్కిన ఇంజన్‌లో ఒక్కో రాకర్ కొసకూ వాల్వు కాడకూ నడుమ ఉండవలసిన సందు అంగుళంలో వెయ్యింట 15 వంతులు, అంటే 0.38 మిల్లీమీటర్లు. షెడ్డు భాషలో అది ‘పదిహేను థౌ’. ఆ సందును సరిచేయడమే టాపెట్ సెట్టింగు.

వేడికి వాల్వు సాగుతుంది. సందు లేకపోతే అది పూర్తిగా మూసుకోదు. వాల్వు తన వేడిని ఎక్కువగా దిగవిడిచేది సీటుకు ఆనుకున్నప్పుడే. ఆనకపోతే మంట పక్కనుంచి దూరి దాని అంచును కాల్చేస్తుంది. సందు ఎక్కువైతే టకటక శబ్దం వస్తుంది, ఇంజన్ బలం కొంత తగ్గుతుంది. అందుకే శబ్దం చేసే టాపెట్ కన్నా చప్పుడు లేకుండా బిగిసిపోయిన టాపెటే ప్రమాదం. ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వానతో సరిపెట్టుకునే ఈ మెట్టలో, గుత్తి నుంచి అనంతపురం మీదుగా పెనుకొండ దాకా ఎండలో సాగే దూరపు రోడ్డు మీద, కాలిన వాల్వు అంటే హెడ్డు దించాల్సిన పని.

బ్రిటన్‌లోని బీఎంసీ రూపొందించిన 1489 సీసీ ఇంజన్ అంబాసిడర్‌లో దశాబ్దాలపాటు నడిచింది. దాని సెట్టింగుకు చక్కని లెక్క ఒకటి ఉంది: తొమ్మిది. ఎనిమిదో వాల్వు పూర్తిగా తెరుచుకున్నప్పుడు ఒకటోది, ఆరోది తెరుచుకున్నప్పుడు మూడోది సరిచేయాలి. రెండు అంకెలూ కలిపితే ఎప్పుడూ తొమ్మిదే. ప్లగ్గులు తీసేస్తే ఇంజన్ చేతికి తేలిగ్గా తిరుగుతుంది. ఫీలర్ గేజి ఆకు సందులో కొంచెం పట్టుతో జారాలి. స్క్రూను కదలకుండా పట్టుకుని లాక్ నట్టు బిగించి, మళ్లీ ఆకు పెట్టి చూడాలి; బిగింపులోనే సందు మారిపోతుంది. ఈ రెండో చూపులోనే పనిమంతుడు తెలుస్తాడు.

ఈ సందు కార్లకే పరిమితం కాదు. ఎద్దులతో కపిల తోలి నీళ్లు తోడిన బావుల దగ్గరికి ఆయిల్ ఇంజన్లు వచ్చాయి. పుణెలో 1946లో మొదలైన కిర్లోస్కర్ ఆయిల్ ఇంజన్స్ వాటి తయారీదార్లలో ఒకటి. ఒకే సిలిండరు, రెండే వాల్వులు. ఫ్లైవీలును చేత్తో తిప్పి పిస్టన్‌ను కంప్రెషన్ చివర నిలిపితే రెండూ మూసుకుంటాయి. రెండింటినీ ఒకేసారి సరిచేయవచ్చు. రైతు తానే నేర్చుకోగలిగిన పని ఇది.

ఆ పనిని తగ్గించింది భూగర్భ జలమే. గట్టు మీది పంపు ఆచరణలో ఏడు మీటర్లకు మించి నీటిని పీల్చలేదు. నీరు దిగేకొద్దీ ఇంజన్‌ను బావి లోపలి మెట్టు మీదికి దించాల్సి వచ్చింది. నీరు ఇంకా లోతుకు పోయాక బోర్లు, వాటిలో సబ్‌మెర్సిబుల్ మోటార్లు వచ్చాయి. మోటారుకు వాల్వులూ లేవు, టాపెట్లూ లేవు.

కార్లలోనూ మార్పు వచ్చింది. చాలా కొత్త ఇంజన్లలో హైడ్రాలిక్ టాపెట్లు ఆయిల్ ఒత్తిడితో సందును తామే పూడ్చుకుంటాయి. అంబాసిడర్ తయారీ 2014లో ఉత్తరపారాలో ఆగిపోయింది. ఐదేళ్లకు, 2019లో, పెనుకొండ దగ్గరి ఎర్రమంచిలో కియా కార్ల తయారీ మొదలైంది. ఇంకా నడుస్తున్న పాత అంబాసిడర్లకు మాత్రం ఇప్పటికీ గేజి ఆకు, స్పానర్, స్క్రూడ్రైవరే కావాలి.