తల్లిదండ్రుల పేరు చెప్పి తీసేసిన 9 పుస్తకాలు

ఈ ఎపిసోడ్‌లో ఒక స్కూల్ లైబ్రరీ కథ చెప్తాను. అమెరికాలో, న్యూయార్క్ సిటీ పక్కనున్న లాంగ్ ఐలాండ్‌లో జరిగింది. 1975లో మొదలై 1982లో సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. కేసు వేసింది ఏ పెద్ద రచయితో, పబ్లిషరో అనుకునేరు. ఐదుగురు స్కూల్ పిల్లలు. ఆ లిస్టులో మొదటి పేరు స్టీవెన్ పీకో. వయసు 17. స్టూడెంట్ కౌన్సిల్ ప్రెసిడెంట్.

యాభై ఏళ్ల నాటి గొడవ ఇప్పుడెందుకంటే, అదే గొడవ ఇవాళ్టికీ నడుస్తోంది. అమెరికా స్కూల్ లైబ్రరీల నుంచి పుస్తకాలు తీసేస్తున్నారని మీరూ రీల్స్‌లో చూసే ఉంటారు. కింద కామెంట్లలో రెండే మాటలు. ఒకరు "పుస్తకాలు బ్యాన్ చేస్తారా, సిగ్గులేదా" అంటారు. ఇంకొకరు "మా పిల్లలు ఏం చదవాలో చెప్పే హక్కు తల్లిదండ్రులకు లేదా" అంటారు. ఇద్దరూ "తల్లిదండ్రులు" అంటే అందరూ కలిసి ఒకే మనిషి అన్నట్టు మాట్లాడతారు. ఆ తల్లిదండ్రులు అసలు ఎవరు? పీకో కథలో దీనికి జవాబుంది.

ముందు ఊరు గురించి రెండు ముక్కలు. లెవిట్‌టౌన్. రెండో ప్రపంచయుద్ధం అయ్యాక, 1947 నుంచి, లెవిట్ అండ్ సన్స్ అనే కంపెనీ ఒకేలాంటి ఇళ్లు వేలకొద్దీ కట్టి అమ్మిన ఊరు. మొదట్లో అక్కడి ఇంటి ఒప్పందాల్లోనే నల్లజాతి వాళ్లు ఉండకూడదని రాసుకున్నారు. ఆ ప్రాంతంలోని ఒక స్కూల్ డిస్ట్రిక్ట్ పేరు ఐలాండ్ ట్రీస్. మనం ఎమ్మెల్యేను ఎన్నుకున్నట్టు అక్కడ స్కూల్ బోర్డుకి ఎన్నికలు జరుగుతాయి. బడ్జెట్ నుంచి సిలబస్ దాకా పెత్తనం ఆ బోర్డుదే.

1975 సెప్టెంబర్‌లో ఆ బోర్డు మెంబర్లు ముగ్గురు ఒక సమావేశానికి వెళ్లారు. పెట్టింది న్యూయార్క్ రాష్ట్రంలోని ఒక తల్లిదండ్రుల సంఘం. అక్కడ వాళ్ల చేతికి ఒక లిస్టు వచ్చింది: "అభ్యంతరకరమైన పుస్తకాలు". పుస్తకాలు కాదండోయ్, పుస్తకాల పేర్లూ, వాటిలోంచి ఏరిన కొన్ని వాక్యాలూ. నవంబర్‌లో ఒక రాత్రి స్కూల్లో ఏదో కార్యక్రమం జరుగుతుంటే, వాళ్లలో ఇద్దరు లైబ్రరీలోకి వెళ్లి కేటలాగ్ కార్డులు వెతికారు. లిస్టులోవి 9 పుస్తకాలు దొరికాయి. తర్వాత జూనియర్ హైస్కూల్ లైబ్రరీలో ఒకటి, పన్నెండో తరగతి పాఠాల్లో ఒకటి బయటపడ్డాయి. మొత్తం 11.

1976 ఫిబ్రవరిలో బోర్డు, ఆ పుస్తకాలన్నీ అల్మారాల్లోంచి తీసి మా ఆఫీసుకు పంపండి అంది. అప్పుడు సూపరింటెండెంట్, అంటే ఆ స్కూళ్లన్నిటికీ అధికారి, అడ్డుపడ్డాడు. ఆయన రాసిన మెమోలో విషయం చాలా సింపుల్. ఈ లిస్టు ఎవరు చేశారో, ఏ లెక్కన చేశారో మనకు తెలీదు. మనం స్వయంగా చదవకుండా బయటివాళ్ల లిస్టు పట్టుకుని పనిచేయకూడదు. పైగా ఇలాంటి ఫిర్యాదు వస్తే కమిటీ వేసి చూడాలని మన రూల్స్‌లోనే ఉంది కదా, అన్నాడు.

నేను సాఫ్ట్‌వేర్‌లో ఉన్నప్పటి భాషలో చెప్తాను. బగ్ ఉందని టికెట్ ఎవరైనా వేయొచ్చు. కస్టమర్ వేయొచ్చు, టెస్టర్ వేయొచ్చు, దారిన పోయేవాడూ వేయొచ్చు. కానీ టికెట్ వేసినవాడే రివ్యూ లేకుండా ప్రొడక్షన్‌లోకి వెళ్లి కోడ్ డిలీట్ చేస్తానంటే ఏ టీమూ ఒప్పుకోదు. సూపరింటెండెంట్ అడిగింది ఆ రివ్యూనే. బోర్డు వినలేదు. విషయం పేపర్లకెక్కాక ఒక ప్రకటన ఇచ్చింది. ఈ పుస్తకాలు అమెరికాకు వ్యతిరేకం, క్రైస్తవానికి వ్యతిరేకం, యూదులకు వ్యతిరేకం, ఒట్టి బూతు అని. పిల్లల్ని జబ్బుల నుంచి కాపాడినట్టే వీటి నుంచీ కాపాడడం మా బాధ్యత అని.

ఆ లిస్టులో ఏమున్నాయో చూద్దాం. కర్ట్ వానెగట్ యుద్ధ నవల 'స్లాటర్‌హౌస్-ఫైవ్'. రిచర్డ్ రైట్ ఆత్మకథ 'బ్లాక్ బాయ్'. లాంగ్‌స్టన్ హ్యూస్ సంపాదకత్వంలో వచ్చిన నల్లజాతి రచయితల కథల సంకలనం. ఆలిస్ చైల్డ్రెస్ నవల, ఎల్‌డ్రిడ్జ్ క్లీవర్ వ్యాసాలు, ప్యూర్టో రికన్ మూలాలున్న పీరీ థామస్ ఆత్మకథ. లెక్కేస్తే 11లో 5 నల్లజాతి, ప్యూర్టో రికన్ రచయితలవి.

ఇక 'ది ఫిక్సర్' సంగతి వినండి. రాసింది బెర్నార్డ్ మలమూడ్ అనే యూదు రచయిత. జార్ కాలపు రష్యాలో, చేయని హత్యకు ఒక యూదుణ్ణి ఇరికించి జైల్లో పెట్టి హింసించే కథ. యూదు ద్వేషం ఎంత ఘోరంగా ఉంటుందో చూపించే నవల. పులిట్జర్ ప్రైజ్ వచ్చింది. లిస్టులోకి ఎలా ఎక్కింది? అందులోని బూతు వాక్యాలూ, దుర్మార్గులు యూదుల్ని తిట్టే మాటలూ ఏరి రాసుకున్నారు. అంతే. మన సినిమాలో విలన్ డైలాగ్ ఒక్కటి కట్ చేసి, "చూశారా, ఈ సినిమా ఆడవాళ్లను కించపరుస్తోంది" అని ఫార్వర్డ్ చేసినట్టు. చైల్డ్రెస్ నవల మీద అభ్యంతరాల్లో ఒకటేమిటో తెలుసా? జార్జ్ వాషింగ్టన్ బానిసల్ని ఉంచుకున్నాడన్న మాట అందులో ఉండడం. అది చరిత్రలో ఉన్న నిజమే. అయినా అలా చూపించడం అమెరికా వ్యతిరేకం అని బోర్డు పెద్దలు ఈ కేసులో ఇచ్చిన వాంగ్మూలాల్లో చెప్పారు.

ఇప్పుడు అసలు పాయింట్. గొడవ పెద్దదయ్యేసరికి బోర్డే ఒక కమిటీ వేసింది. నలుగురు తల్లిదండ్రులు, నలుగురు స్కూల్ సిబ్బంది. పని: పుస్తకాలు చదివి సలహా ఇవ్వడం. 1976 జులైలో రిపోర్టు ఇచ్చారు. 5 పుస్తకాలు ఉంచండి అన్నారు. 2 తీసేయండి అన్నారు. 1 తల్లిదండ్రుల అనుమతితో ఇవ్వండి అన్నారు. 2 పుస్తకాల మీద వాళ్లలో వాళ్లకే కుదరలేదు. 1 గురించి ఏమీ చెప్పలేదు.

నాకు ఈ రిపోర్టు చాలా నచ్చింది. ఎందుకంటే ఇందులో ఎవరూ హీరో లేడు. అన్నీ ఉంచేయండి అనలేదు, అన్నీ తీసేయండి అనలేదు. పుస్తకం చేతికిచ్చి చదవమంటే మామూలు మనుషులు ఇలాగే ఉంటారు. ఒక్కో పుస్తకానికి ఒక్కో మాట. వీళ్లు కూడా తల్లిదండ్రులే కదా? ఆ ఊరి తల్లిదండ్రులే.

బోర్డు ఆ రిపోర్టును పక్కన పడేసింది. కారణం కూడా చెప్పలేదు. ఒక పుస్తకాన్ని మామూలుగా, 'బ్లాక్ బాయ్'ని తల్లిదండ్రుల అనుమతి షరతుతో వెనక్కి పెట్టి, మిగతా 9 తీసేసింది. తల్లిదండ్రుల సంఘం లిస్టు తెచ్చి, తమ ఊరి తల్లిదండ్రుల మాట తోసేసిందన్నమాట.

1977 జనవరిలో పీకో, మిగతా నలుగురు పిల్లలు కోర్టుకెళ్లారు. కింది కోర్టులో బోర్డు గెలిచింది. అప్పీల్లో పిల్లలు గెలిచారు. 1982 జూన్ 25న సుప్రీంకోర్టులో 5-4తో పిల్లల వైపు తీర్పొచ్చింది. జస్టిస్ బ్రెనన్ రాసిన దాని సారాంశం ఇది. పుస్తకం నిండా బూతే ఉంటే, చదువుకు పనికిరానిదైతే బోర్డు తీసేయొచ్చు. కానీ అందులోని ఆలోచన మాకు నచ్చలేదని తీసేయడానికి వీల్లేదు.

ఎదుటి పక్షం వాదన కూడా వినాలి, అది తేలిగ్గా కొట్టిపారేసేది కాదు. చీఫ్ జస్టిస్ బర్గర్ ఏమన్నారంటే, బోర్డును ఎన్నుకున్నది ఆ ఊరి జనం. నచ్చకపోతే వచ్చే ఎన్నికల్లో దించేస్తారు. స్కూల్లో లేని పుస్తకం పబ్లిక్ లైబ్రరీలో దొరుకుతుంది, షాపులో దొరుకుతుంది. ఢిల్లీలో కూర్చుని మన ఊరి బడి అల్మారా సర్దినట్టు, వాషింగ్టన్ జడ్జీలు ప్రతి స్కూల్ అల్మారా సర్దాలా? ఢిల్లీ పోలిక నాది, బాధ మాత్రం ఆయనది.

ఆ ఐదుగురు జడ్జీలూ ఒకే కారణం మీద ఏకం కాలేదు. ఒకరైతే ముందు కింద విచారణ జరగనివ్వండి అని మాత్రమే అన్నారు. అందుకే ఈ తీర్పు పునాది మొదటి నుంచీ కాస్త వదులే. ఆ విచారణ కూడా జరగలేదు. 1982 ఆగస్టులో బోర్డే పుస్తకాలు వెనక్కి పెట్టింది. కేసు వేసిన పిల్లలంతా అప్పటికే ఆ స్కూల్ దాటిపోయారు.

ఇప్పటికి వద్దాం. 2025 మేలో టెక్సస్‌లోని లానో కౌంటీ కేసులో ఫిఫ్త్ సర్క్యూట్ అప్పీల్ కోర్టు, లైబ్రరీలోంచి పుస్తకం తీసేశారని పాఠకులు కేసు వేయలేరు అంది. అది పబ్లిక్ లైబ్రరీ కేసే, కానీ స్కూల్ లైబ్రరీ మీద తన పాత తీర్పును కూడా ఆ కోర్టు అక్కడే కొట్టేసింది. డిసెంబర్‌లో సుప్రీంకోర్టు ఆ అప్పీల్ తీసుకోలేదు. అంటే టెక్సస్, లూసియానా, మిసిసిపీల్లో పీకోలాంటి పిల్లలకు ఇప్పుడు కోర్టు తలుపు దాదాపు మూసుకున్నట్టే. మన అక్కలు, బావలు, బాబాయిలు ఉండే ఫ్రిస్కో, ప్లేనో, హ్యూస్టన్ టెక్సస్‌లోనే ఉన్నాయి. వాళ్ల పిల్లలు చదివే పబ్లిక్ స్కూళ్లకూ ఇదే వర్తిస్తుంది.

మరి ఇప్పుడు ఫిర్యాదులు ఎవరు పెడుతున్నారు? 2021-22లో స్కూళ్లకు వచ్చిన వెయ్యికి పైగా ఫిర్యాదుల్ని వాషింగ్టన్ పోస్ట్ పరిశీలిస్తే, సుమారు 60 శాతం పెట్టింది కేవలం 11 మంది. అమెరికన్ లైబ్రరీ అసోసియేషన్ 2024 లెక్క ప్రకారం, స్కూల్, పబ్లిక్ లైబ్రరీలు కలిపి, పుస్తకాలు తీసేయాలన్న ప్రయత్నాల్లో 72 శాతం సంఘాలు, బోర్డు మెంబర్లు, అధికారులు, నాయకుల నుంచి వచ్చాయి. విడిగా తల్లిదండ్రుల నుంచి వచ్చినవి 16 శాతం. ఆ అసోసియేషన్ ఈ గొడవలో ఒక పక్షమే, అది గుర్తుపెట్టుకునే చూడండి. అయినా 1975 నాటి బొమ్మే మళ్లీ కనిపిస్తోంది. లిస్టు ఎక్కడో తయారవుతుంది, ఊరూరా తిరుగుతుంది, చివరికి "పేరెంట్స్ అడిగారు" అని ముద్ర పడుతుంది.

తల్లిదండ్రుల భయం అబద్ధమని నేననను. పదేళ్ల పిల్లకి డ్రగ్స్ కథ ఇవ్వాలా అని ఒక అమ్మ అడిగితే అది న్యాయమైన ప్రశ్న. ఆ కమిటీలో తల్లిదండ్రులూ సిబ్బందీ కలిసి 2 పుస్తకాలు వద్దనే అన్నారు. నా పిల్లకి ఈ పుస్తకం వద్దు అనడం ఆ అమ్మ హక్కు. ఊళ్లో ఎవరి పిల్లకీ వద్దు అంటే మాత్రం అప్పుడు పక్కింటి అమ్మ హక్కు పోతుంది. ఆ రెండో మాట చెప్పేవాళ్లు కనీసం పుస్తకం చదివి, కమిటీ ముందు కూర్చుని, పక్కింటి అమ్మ మాట కూడా వినాలి.

2025లో టెక్సస్ కొత్త చట్టం స్కూల్ లైబ్రరీల మీద బోర్డులకు అధికారం పెంచింది. తల్లిదండ్రులతో సలహా మండళ్లకు కూడా దారిచ్చింది. కాబట్టి అక్కడున్న మీవాళ్లకు ఈ ఎపిసోడ్ పంపండి. ఆ మండళ్లలో మనవాళ్లూ కూర్చోవచ్చు. మీటింగ్‌కి వెళ్తే మూడే ప్రశ్నలు అడగమనండి. ఈ లిస్టు ఎవరు చేశారు? ఈ పుస్తకం మీలో ఎంతమంది పూర్తిగా చదివారు? చదివినవాళ్లు ఏమన్నారు?

మీ స్కూల్ లైబ్రరీలో మిమ్మల్ని చదవనివ్వని పుస్తకం ఏదైనా ఉంటే కామెంట్‌లో రాయండి. అన్నీ చదువుతాను. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటాను మరి.