మొక్క కన్నా ముందు మట్టిని చూడాలి

చెట్లు పెంచితే నేలలో కార్బన్ తప్పక పెరుగుతుందన్న మాటను మనం రుజువు అడగకుండానే ఒప్పుకున్నాం. 1840లలో మలబారులోని నీలంబూరులో టేకు తోట వేయించినవారికి కావలసింది కలప. నీలగిరి గడ్డి కొండల మీదికి జామాయిల్ ఎక్కింది ప్రధానంగా వంటచెరకు కోసం. మట్టిలో ఏం జరుగుతోందన్న ప్రశ్నకు బరువు వచ్చింది, కొత్తగా పెంచిన అడవులను దేశాల కార్బన్ ఖాతాలో జమ వేసుకోనిచ్చిన 1997 క్యోటో ఒప్పందం తరవాతే. అడగవలసిన ప్రశ్నే అది. ప్రపంచమంతటా పై మీటరు మట్టిలో ఉన్న సేంద్రియ కార్బన్ సుమారు లక్షన్నర కోట్ల టన్నులు. గాలిలోనూ మొక్కల్లోనూ కలిపి ఉన్నదానికన్నా ఎక్కువ.

తొలి కొలతలు ఆశను తగ్గించాయి. అమెరికాలోని దక్షిణ కరొలైనాలో, తరతరాలు పత్తి పండి నిస్సారమైన కాల్హూన్ భూముల్లో 1957లో పైన్ నాటారు. నాలుగు దశాబ్దాల ఫలితాలను డేనియల్ రిక్టర్ బృందం 1999లో ప్రకటించింది. కొత్తగా చేరిన కార్బన్‌లో సుమారు 80 శాతం చెట్లలో, తక్కినది దాదాపు అంతా రాలిన ఆకుల పొరలో ఉంది. అడుగున ఉన్న మట్టికి దక్కింది ఒక శాతం కూడా లేదు. ఆ గరుకు నేలకు కార్బన్‌ను పట్టి ఉంచే బంకమట్టి బలం చాలలేదు. 2002లో గువో, గిఫర్డ్ అనే పరిశోధకులు అనేక దేశాల అధ్యయనాలను కలిపి చూసినప్పుడు చిత్రం ఇంకా స్పష్టమైంది. సాగు నేలలో తోట వేస్తే మట్టి కార్బన్ సగటున 18 శాతం పెరిగింది. పచ్చిక నేలలో వేస్తే 10 శాతం, సహజమైన అడవిని కొట్టి తోట వేస్తే 13 శాతం తగ్గింది. కారణం ఊహకు అందేదే. నాగలి ఏళ్ల తరబడి కార్బన్‌ను ఖాళీ చేసిన పొలానికి ఇక పోయేది తక్కువ, వచ్చేది ఎక్కువ. పచ్చిక అలా కాదు; దాని వేళ్లు తరచూ చచ్చి, మళ్లీ పుట్టి మట్టిని నింపుతూనే ఉంటాయి. ఆ నేలను దున్ని గుంతలు తీస్తే నిలవ కదులుతుంది. పచ్చిక మీద నష్టం పైన్ జాతుల కింద కనిపించింది, వెడల్పాకు చెట్ల కింద పెద్దగా లేదు. కాబట్టి జాతికీ పాత్ర ఉంది. అయినా నేల గతానిదే పైచేయి అని నా అభిప్రాయం. అప్పటికే మట్టిలో కార్బన్ నిండి ఉన్న స్కాట్లండ్ బీడుల్లో నాటిన బర్చ్, పైన్ చెట్లు 39 ఏళ్లకు కూడా మొత్తం కార్బన్ నిలవను పెంచలేదని 2020లో తేలింది. అదే ఏడాది ఉత్తర చైనా అధ్యయనం కూడా కార్బన్ తక్కువున్న నేలలు లాభపడ్డాయనీ, ఎక్కువున్నవి నష్టపోయాయనీ చూపింది.

మట్టి పోగొట్టుకున్నదాన్ని కాండం భర్తీ చేయదా అని అడగవచ్చు. చెట్టు దశాబ్దాలు నిలిస్తే చాలాచోట్ల చేస్తుంది. కానీ మన జామాయిల్, సుబాబుల్ కొన్నేళ్లకే గొడ్డలికి ఎర అయి కాగితపు గుజ్జవుతాయి. ఆ కార్బన్ త్వరలోనే గాలిలో కలుస్తుంది. మట్టి నష్టం తాత్కాలికమే అన్నది మరో వాదన. తొలి ఏళ్లలో తగ్గిన నిలవ పాత స్థాయికి రావడానికి సుమారు 30 ఏళ్లు పడుతుందని 2002 నాటి మరో సమీక్ష చెప్పింది. అంత గడువు గుజ్జు తోటకు ఎవరిస్తారు?

మన దేశంలో బంజరు నేలల మీద చెట్లు పెంచడానికి 1985లో జాతీయ బంజరు భూముల అభివృద్ధి మండలి ఏర్పడింది. హైదరాబాదులోని జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రం రూపొందించే బంజరు భూముల అట్లాస్‌లో పొదల నేలలూ, క్షీణించిన పచ్చిక బయళ్లూ చేరాయి. బంజరు అని రాసినంత మాత్రాన మట్టి ఖాళీ అయిపోదు. తోటలకు నిధులిచ్చే ప్రభుత్వాలు ముందు ఆ నేల కార్బన్‌ను మీటరు లోతు దాకా కొలిపించాలి. డస్సిన సాగు భూముల్లో చెట్లు పెంచాలి, పచ్చిక బయళ్లను పచ్చికగానే ఉంచాలి.