భూసారము - మార్క్సు చింతన: ఫాస్టర్ పరిశోధన

పంట యనగా మానవుడు నేలనుండి తీసికొను ఋణము. అందు కొంత పశువులకు మేతయై, కొంత మనుష్యులకు తిండియై, తిరిగి ఎరువు రూపమున పొలమును చేరినంతకాలము ఆ ఋణము తీరుచునే యుండును. పందొమ్మిదవ శతాబ్దిలో ఇంగ్లండునందు ఈ చక్రము తెగినది. జనులు పొలములు విడిచి నగరములకు చేరిరి. ధాన్యము వారి వెంట వచ్చెను. దానిలోని సారము మాత్రము పొలమునకు మరలక నదుల పాలయ్యెను. 1858 వేసవిలో థేమ్సు నది దుర్గంధమునకు లండనులోని పార్లమెంటు సభ్యులే తాళలేకపోయిరి. ఆ కాలముననే ఇంగ్లండు రైతులు పెరూ తీరమందలి చించా దీవులనుండి ఓడలలో వచ్చిన గువానో అను పక్షిరెట్టల ఎరువును వెలపెట్టి కొనుచుండిరి. దానిని త్రవ్వినవారిలో చీనానుండి ఒప్పందపు కూలీలుగా తేబడినవారు పెక్కుమంది.

ఈ వైపరీత్యమును శాస్త్రదృష్టితో విమర్శించినవాడు జర్మను రసాయనశాస్త్రజ్ఞుడు లీబిగ్. తన వ్యవసాయ రసాయన గ్రంథమునకు 1862లో వెలువడిన ఏడవ కూర్పు పీఠికలో, ఇంగ్లండు సాగుపద్ధతిని దోపిడి వ్యవసాయముగా ఆతడు ఖండించెను. కార్ల్ మార్క్సు ఆ గ్రంథమును శ్రద్ధతో చదివి, అందలి విషయములను తన నోటుపుస్తకములలో వ్రాసికొనెను. 1867లో ప్రకటించిన 'పెట్టుబడి' ప్రథమ సంపుటమున, పెట్టుబడిదారీ వ్యవసాయము శ్రామికునితోపాటు నేలనుగూడ కొల్లగొట్టుచున్నదని నిరూపింపబూనెను.

అయినను ఈ భాగము చాలకాలము పాఠకుల దృష్టికి ఆనలేదు. 1970 ప్రాంతమున పర్యావరణోద్యమము బలపడినపుడు, మార్క్సు యంత్రములను, ఉత్పత్తివృద్ధిని మాత్రమే కీర్తించెనను అభిప్రాయము వ్యాపించెను. మార్క్సువాదులలోను కొందరు ఈ లోపమును అంగీకరించి, దానిని పూరింప యత్నించిరి. వారిలో ముఖ్యుడు అమెరికా ఆర్థికవేత్త జేమ్స్ ఓకానర్. పెట్టుబడి తనకు ఆధారమైన ప్రకృతిని తానే క్షీణింపజేసి, తన వ్యయమును తానే పెంచుకొనునని, ఇది దాని రెండవ వైరుధ్యమని ఆతడు 1988లో ప్రతిపాదించెను.

ఓరెగాన్ విశ్వవిద్యాలయమున సమాజశాస్త్రమును బోధించిన జాన్ బెల్లమీ ఫాస్టర్ మరియొక మార్గమును త్రొక్కెను. మూలమున లేనిదానిని చేర్చుటకు ముందు, మూలమున నున్నదానిని వెలికి తీయవలెనని ఆయన తలంపు. 1999లో ఒక వ్యాసమునందును, 2000లో 'మార్క్సు పర్యావరణ చింతన' అని చెప్పదగిన గ్రంథమునందును ఆయన ఈ పనిని నెరవేర్చెను. ప్రాచీన గ్రీకు తాత్త్వికుడైన ఎపిక్యూరస్ పై మార్క్సు 1841లో సమర్పించిన పరిశోధన మొదలు లీబిగ్ పఠనము వరకు గల సూత్రమును అందు చూపెను. శ్రమ యనునది మానవునికిని ప్రకృతికిని నడుమ జరుగు ద్రవ్యవినిమయమని మార్క్సు భావించెను. పట్టణము, పల్లె వేరుపడుటచే ఆ వినిమయమునకు కలిగిన భంగమునకు ఫాస్టర్ 'జీవక్రియా విచ్ఛేదము' అను పేరు నిచ్చెను.

ఈ వాదమునకు ఆక్షేపణలు లేకపోలేదు. ఇది సమాజమును, ప్రకృతిని రెండు వేరు వస్తువులుగా విడదీయుచున్నదని జేసన్ మూర్ 2015లో వెలువడిన గ్రంథమున విమర్శించెను. అక్కడక్కడ నున్న వాక్యములను కూర్చినంతమాత్రమున సిద్ధాంతమగునా యని మరికొందరి సంశయము. ఈ సంశయమునకు జపాను పండితుడు కోహే సైతో నోటుపుస్తకములనుండియే సమాధానము వెదకెను. అడవుల నరికివేతవలన శీతోష్ణస్థితి మారునని చెప్పిన ఫ్రాస్ గ్రంథమును మార్క్సు 1868లో చదివి మెచ్చుకొనుటను సైతో తన 2017 నాటి గ్రంథమున విశదీకరించెను.

అన్నిటికంటె కఠినమైన ప్రశ్న చరిత్ర వేసినది. మార్క్సు పేర నడచిన సోవియట్ ప్రభుత్వము 1960 తరువాత ప్రత్తిసాగుకై అము, సిర్ నదులను మరలించగా ఆరల్ సముద్రము ఎండిపోయెను. తొలినాటి సోవియట్ దేశమున ప్రకృతి విజ్ఞానము వికసించినదని, నిరంకుశత్వము దానిని అణచివేసినదని ఫాస్టర్ సమాధానము. 1938లో బుఖారిన్ మరణశిక్షకు గురియయ్యెను. విత్తనశాస్త్రవేత్త వావిలోవ్ 1943లో చెరసాలలో మరణించెను. ఇది సత్యమే, కాని సమాధానము సగము మాత్రమే. భూమికి యజమాని మారినంతమాత్రమున భూసారము మరలి రాదని ఆరల్ తీరము సాక్ష్యమిచ్చుచున్నది. తీసికొన్నదానిని తిరిగి యిచ్చు ఏర్పాటు ఆ యాజమాన్యమున నున్నదా యను విచారణను మార్క్సు గ్రంథములనుండియే పునరుద్ధరించుట ఫాస్టర్ కృషికి ఫలము.