లాల్ బహదూర్ శాస్త్రి స్టేడియం

లాల్ బహదూర్ శాస్త్రి స్టేడియం హైదరాబాదులోని బషీర్‌బాగ్ ప్రాంతమున గల క్రీడా ప్రాంగణము. క్లుప్తంగా ఎల్.బి.స్టేడియం అంటారు. 1955 నుండి 2003 వరకు ఇది అంతర్జాతీయ క్రికెట్ వేదిక. దీని పాత పేరు ఫతే మైదానం. 1687లో గోల్కొండ ముట్టడి సమయమున మొఘల్ సేనలు ఇక్కడ విడిది చేశాయని, విజయానంతరం ఆ పేరు ఏర్పడిందని చెబుతారు. 1967లో మాజీ ప్రధానమంత్రి పేరు పెట్టారు.

టెస్టు మ్యాచ్‌లు

ఇక్కడ జరిగిన టెస్టులు మూడే. మూడింటిలోనూ భారత ప్రత్యర్థి న్యూజీలాండే కావడం విశేషం. 1955 నాటి తొలి టెస్టులో పాలీ ఉమ్రిగర్ 223 పరుగులు చేశాడు. టెస్టులలో భారత బ్యాట్స్‌మన్ సాధించిన మొదటి ద్విశతకం ఇదే.

1969 నాటి టెస్టు మాత్రం వివాదాస్పదమైనది. భారత్ తొలి ఇన్నింగ్స్‌లో 49 పరుగులకే 9 వికెట్లు కోల్పోగా, వెంకటరాఘవన్, బేడీల చివరి జోడీ స్కోరును 89కి చేర్చింది. ఆనందంతో మైదానంలోకి పరుగెత్తిన ఒక యువకుడు భద్రతా సిబ్బంది చేతిలో గాయపడగా, ప్రేక్షకులు ఆగ్రహించి కుర్చీలకు నిప్పు పెట్టారు. చివరి రోజు 268 పరుగుల లక్ష్యానికి భారత్ 7 వికెట్లకు 76 పరుగుల వద్ద ఉండగా వర్షం కురిసింది. తరువాత ఎండ కాసినా మైదానాన్ని ఆరబెట్టే పని మందకొడిగా సాగింది. న్యూజీలాండ్ కెప్టెన్ గ్రాహం డౌలింగ్ స్వయంగా ఆ పనికి పూనుకున్నా ఆట తిరిగి మొదలు కాలేదు. సిరీస్ 1-1తో సమమైంది. భారత గడ్డపై తొలి సిరీస్ విజయానికి న్యూజీలాండ్ 2024 వరకు వేచి ఉండవలసి వచ్చింది. 1988 టెస్టులో భారత్ 10 వికెట్లతో గెలిచింది.

ఒక రోజు మ్యాచ్‌లు

1987 మార్చి 20న భారత్, పాకిస్తాన్ చెరి 212 పరుగులు చేశాయి. తక్కువ వికెట్లు కోల్పోయినందున భారత్‌ను విజేతగా ప్రకటించారు. 1999 నవంబరు 8న న్యూజీలాండ్‌పై టెండుల్కర్ (186 నాటౌట్), ద్రావిడ్ (153) రెండవ వికెట్‌కు 331 పరుగులు జోడించారు. 2015 వరకు ఏ వికెట్‌కైనా ఇదే ప్రపంచ రికార్డు.

2016లో విశాఖపట్నం టెస్టు వేదిక అయ్యేవరకు తెలుగు నేలపై టెస్టులు హైదరాబాదులోనే జరిగేవి. అయితే తిరుపతి, చిత్తూరు అభిమానులకు హైదరాబాదు కంటే చెన్నైలోని చేపాక్ మైదానమే ఎంతో దగ్గర.

తరువాతి కాలం

ఉప్పల్‌లో నూతన స్టేడియం సిద్ధమై, 2005 నవంబరు 16న అక్కడ తొలి ఒక రోజు మ్యాచ్ జరిగింది. దానితో ఈ మైదానానికి అంతర్జాతీయ క్రికెట్ దూరమైంది. అయితే జనసందోహం మాత్రం తగ్గలేదు. 1983 జనవరి 9న ఎన్.టి.రామారావు, 2004లో వై.ఎస్.రాజశేఖరరెడ్డి, 2023 డిసెంబరు 7న రేవంత్ రెడ్డి ముఖ్యమంత్రులుగా ప్రమాణ స్వీకారం చేసింది ఈ ప్రాంగణంలోనే. 2017 ప్రపంచ తెలుగు మహాసభలకు కూడా ఇదే వేదిక.